గోపకుమారుడి ప్రశ్న



కథలు రాసేవాళ్లను పాఠకులు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఎన్నాళ్లయినా పాతబడదు. "ఇలాంటి ఊహలు మీకెలా వస్తాయండీ?" అత్తాకోడళ్ల గురించో, ఎండిన చెరువు గురించో రాసినవాణ్ణి ఎవరూ ఇలా అడగరు. అవి ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలుసు. రాబోయే కాలం గురించీ, లేని జీవుల గురించీ, చచ్చినవాడు లేచి రావడం గురించీ రాసినవాణ్ణి మాత్రం ఆపి మరీ అడుగుతారు. ఆ గొంతులో కొంత మెచ్చుకోలు ఉంటుంది, ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చి ఉంటాడన్న అనుమానమూ ఉంటుంది. అనుమానం సబబే. ఎత్తుకురావడమే. ఎక్కణ్ణుంచి అన్నదే ఇవాళ్టి మాట.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆ మాష్టారు మాకు కాలేజీలో ఫిజిక్సు చెప్పారు. తాను కథలు రాయలేదు. మేం రాసినవి ఓపిగ్గా చదివేవారు. చదివి, కాగితాలు తిరిగిస్తూ ఒకే మాట అడిగేవారు: "ఇందులో నిజం ఎంతరా?" గ్రహాంతరవాసుల కథ పట్టుకెళ్లినా అదే ప్రశ్న. చాదస్తమని మేం నవ్వుకునేవాళ్లం. ఊహాకథకు అంతకంటే గట్టి పరీక్ష నాకైతే ఇంతవరకూ దొరకలేదు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల కట్టు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ తోడు కోసం ఒక పశువుల కాపరి కుర్రాణ్ణి రమ్మంటాడు. కుర్రాడు ఊరికే రానంటాడు. దారిలో తాను చూసిన వింత గురించి అడిగితే మజిలీ మజిలీకీ దాని కథ చెప్పాలని షరతు పెడతాడు. యతి తన జపతపాలు చూసుకుంటుంటే వీడు ఊళ్లోకి పోయి తిరిగొస్తాడు. అక్కడ ఏదో కంటబడుతుంది, అంతు పట్టదు, వచ్చి అడుగుతాడు. యతి తన దగ్గరున్న మణి మహిమతో అసలు సంగతి తెలుసుకుని కథ ఎత్తుకుంటాడు.

మనందరికీ ఆ మణి మీదే కన్ను. ప్రతిభ అనీ, ప్రేరణ అనీ, సరస్వతీ కటాక్షమనీ పేర్లు మార్చి దాన్నే పొగుడుతుంటాం. నన్నడిగితే ఆ పుస్తకంలో అసలు రచయిత ఆ కుర్రాడే. వాడు ఊళ్లోకి వెళ్లకపోతే మణి ఒట్టి రాయి. ఊరివాళ్లు రోజూ చూస్తూ, చూడటం మానేసినదాని దగ్గర వాడొక్కడే ఆగాడు. ఊహాకథలకు ముడిసరుకు అక్కడే ఉందని నా నమ్మకం. లేనిదాన్ని కనిపెట్టే శక్తి ఆ తర్వాతి సంగతి.

ఇందుకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం హెచ్.జి. వెల్స్. అంగారక గ్రహం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లండును చిత్తు చేసే 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' 1898లో పుస్తకంగా వచ్చింది. ఈ ఊహ టెలిస్కోపు నుంచి వచ్చిందనే చాలామంది అనుకుంటారు. కొంత నిజమే. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లీ అంగారకుడి మీద గీతల్లాంటివి చూశానన్నాడు. 1895లో అమెరికాలో పెర్సివల్ లోవెల్ అవి తెలివైన జీవులు తవ్విన కాలవలేనని పుస్తకమే రాశాడు. ఆ కబుర్లు పత్రికలు చదివే ప్రతివాడి చెవినా పడ్డాయి. అయినా ఆ నవల రాసినవాడు ఒక్కడే. కారణం, వెల్స్ తన అన్న ఫ్రాంక్‌తో కలిసి సర్రే పల్లెల్లో నడుస్తుండగా దొర్లిన మాట. ఆస్ట్రేలియా దిగువన ఉన్న టాస్మేనియా దీవిలోని మూలవాసులను యూరప్ వలసదారులు తుడిచిపెట్టిన సంగతి మాటల్లోకి వచ్చింది. ఇప్పుడు వేరే గ్రహంవాళ్లెవరో ఆకాశం నుంచి ఇక్కడ దిగి మనల్నీ అలాగే చేస్తే ఎలా ఉంటుంది అన్నాడు ఫ్రాంక్. వెల్స్ ఆ పుస్తకాన్ని అన్నకే అంకితమిచ్చాడు, ఊహ అతనిదేనని ఒప్పుకుంటూ. మొదటి అధ్యాయంలోనే టాస్మేనియా పేరు ఎత్తాడు కూడా.

అంటే ఆ నవల విత్తనం ఆకాశంలో లేదు. అది అప్పటి ఇంగ్లండులో ప్రతి చదువుకున్నవాడికీ తెలిసిన, ఎవరి నిద్రనూ చెడగొట్టని ఒక చారిత్రక విషయం. ఆ లెక్కలో ఎడమ వైపున్నవాణ్ణి కుడి వైపుకు మార్చారు అన్నదమ్ములు. అంతే చేశారు.

తర్వాత వెల్స్ చేసిన పని నాకు ఇంకా ఇష్టం. అప్పట్లో ఆయన వోకింగ్‌లో ఉండేవాడు, సైకిలు కొత్తగా నేర్చుకున్నాడు. ఆ సైకిలు మీద చుట్టుపక్కల తిరుగుతూ, అంగారకుల మంటలకు ఏ వీధి కాలాలో, ఏ ఇల్లు కూలాలో గుర్తులు పెట్టుకున్నాడు. ఇరుగుపొరుగును ఇంత శ్రద్ధగా నాశనం చేసిన రచయిత మరొకడు ఉండడు! చివరకు ఆ అంగారకులను చంపేది ఫిరంగులు కాదు, మన కంటికి కనపడని సూక్ష్మజీవులు. ఆ ముగింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకక్కర్లేదు. వెల్స్ లండన్‌లో టి.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివినవాడు. మా మాష్టారి ప్రశ్న ఈ నవలకు పెట్టి చూడండి. టాస్మేనియా నిజం, వోకింగ్ వీధులు నిజం, సూక్ష్మజీవులు నిజం. అంగారకులు తప్ప అన్నీ నిజమే.

దాదాపు అదే కాలంలో మన దేశంలో ఇంకొకరు ఇలాంటి లెక్కే తిరగేశారు. మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఇంగ్లీషు కథ అచ్చయింది. ఆ పత్రికను నడిపిన కమలా సత్తియనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినావిడ. ఈ సంగతి మనం గుర్తు చేసుకోవలసినంతగా చేసుకోం. కథ రాసిన రొకెయా సఖావత్ హుసేన్‌కు అప్పటికి పాతికేళ్లు నిండీ నిండలేదు. బెంగాల్ జమీందారీ ఇంట్లో, కఠినమైన ఘోషాలో పెరిగింది. ఇంగ్లీషు అన్నగారి దగ్గర ఇంట్లోవాళ్లకు తెలియకుండా నేర్చుకుంది. భర్త భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన క్యాంపుకు వెళ్లినప్పుడు పొద్దుపోక రాసిన కథ ఇది. ఆయన తిరిగొచ్చి నిలబడ్డ చోటనే మొత్తం చదివేసి, మగవాళ్ల మీద పగ బాగానే తీర్చుకున్నావన్నాడట.

ఆ కథలో ఆడవాళ్లు రాజ్యమేలుతుంటారు, మగవాళ్లు లోపల గదుల్లో ఉండి వంటా పిల్లల పనీ చూసుకుంటారు. ఎండ వేడిని పోగుచేసి వంట చేస్తారు, ఆకాశంలోకి బెలూను పంపి మబ్బుల్లోంచి నీళ్లు పట్టుకుంటారు, గాల్లో ఎగిరే బండ్లలో తిరుగుతారు. యంత్రాలు చూసి జనం అబ్బురపడతారు కానీ, ఆ కథకు ప్రాణం అందులో జరిగే ఒక చిన్న వాదన. పిచ్చాసుపత్రి నుంచి రోగులు తప్పించుకుని జనం మీద పడుతుంటే ఎవరిని పట్టి లోపల పెట్టాలి? రోగులనే కదా. బుద్ధి సరిగ్గా ఉన్నవాళ్లను గదిలో పెట్టి గొళ్లెం వేయరు కదా. మరి మగవాళ్ల వల్ల ఆడవాళ్లకు భయమన్నప్పుడు ఆడవాళ్లను ఎందుకు లోపల పెట్టారు? రొకెయా ఇక్కడ కొత్త సిద్ధాంతం ఏదీ తేలేదు. ఘోషాకు పెద్దవాళ్లు చెప్పే కారణాన్నే తీసుకుంది. "రక్షణ కోసమే" అన్న ఆ మాటను నిజాయితీగా చివరిదాకా నడిపించింది. అది నడిచి నడిచి నారీరాజ్యానికి చేరింది.

విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహాహూహూ' కూడా ఈ కోవలోదేనంటే కొందరు అభిమానులకు కోపం రావచ్చు. గుర్రం తల ఉన్న ఒక గంధర్వుడు లండన్ నగరంలో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఊడిపడతాడు. ఇంగ్లీషువాళ్లు ఆయన్ను బోనులో పెట్టి, ఇదేం జంతువని పరీక్షలు మొదలుపెడతారు. ఆయన మాట్లాడేది సంస్కృతం. హూహూ మనకు కొత్తవాడేం కాదు, భాగవతంలో గజేంద్రుడి కాలు పట్టిన మొసలి శాపం పొందిన ఆ గంధర్వుడే. అయితే పాత పురాణ పాత్ర దొరికినంత మాత్రాన నవల రాదు. తెల్లవాడు మనల్ని కొలిచి, తూచి, వర్గాలుగా విడగొట్టి, గాజు బీరువాల్లో పెట్టి గ్రంథాలు రాస్తున్న కాలమది. చూసేవాడు ఎప్పుడూ అతడే, చూడబడేది ఎప్పుడూ మనమే. విశ్వనాథ ఆ బోను చుట్టూ గుమిగూడిన పండితులను గంధర్వుడి కళ్లతో చూపించారు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లోనూ ఇదే పని. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, తిక్కనతో కలిసి ఒక ఇంగ్లీషు లెక్చరరు కలలోకి వచ్చి, మాకు ఆ భాష నేర్పమంటాడు. అక్కణ్ణుంచి పాఠం చెప్పేవాడి పాట్లు చూడాలి. విశ్వనాథ అభిప్రాయాలతో నాకు పేచీలు చాలానే ఉన్నాయి. ఊహ పుట్టించే తీరులో మాత్రం ఆయన తెలుగులో అందరికంటే ధైర్యవంతుడు.

ఇంతవరకూ విన్నవాళ్లకు, అయితే దేన్నైనా తలకిందులు చేస్తే కథ వచ్చేస్తుందన్నమాట అనిపించవచ్చు. రాదు. కుక్క మనిషిని పెంచితే, చేప గాలం వేస్తే అనుకుంటూ రోజుకు పది రాసుకోవచ్చు. అవి పొడుపుకథలు. వెల్స్, రొకెయా, విశ్వనాథ తలకిందులు చేసినవి వాళ్లను నిజంగా గుచ్చుతున్న సంగతులు. గుచ్చేది లేకుండా తలకిందులు చేసే పని మన వారపత్రికల సైన్సు కథల్లో కావలసినంత జరిగింది.

గుచ్చేది సమాజంలోనే ఉండాలని కూడా లేదు. మేరీ షెల్లీ సంగతి చూడండి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద మబ్బు వల్ల మరుసటి ఏడు యూరప్‌లో వేసవే రాలేదు. 1816 జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇంట్లో చిక్కుకుపోయిన కవులు బైరన్, పెర్సీ షెల్లీ, ఇంకొందరు మిత్రులు తలో దయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. మేరీకి అప్పటికి 18 ఏళ్లు. 'ఫ్రాంకెన్‌స్టైన్' అక్కడ మొదలై 1818లో అచ్చయింది. ప్రాణం అంటే ఏమిటని బైరన్, షెల్లీ మాట్లాడుకుంటుంటే విన్నాననీ, ఆ రాత్రి మగతలో ఆ దృశ్యం కనిపించిందనీ ఆమె 1831 ముద్రణకు రాసిన ముందుమాటలో చెప్పింది. శవాలకు విద్యుత్తు పెడితే కండరాలు కదులుతాయని అప్పటికే లోకానికి తెలుసు. 1803లో లండన్‌లో ఆల్డీనీ ఉరితీసిన ఖైదీ శవం మీద అందరి ముందూ ఆ ప్రయోగం చేశాడు.

ముందుమాటలో ఆమె చెప్పని సంగతి ఒకటుంది. 1815లో మేరీకి నెలలు నిండకుండా ఒక ఆడపిల్ల పుట్టి, కొద్ది రోజులకే పోయింది. ఆ మార్చిలో ఆమె తన డైరీలో ఒక కల రాసుకుంది. బిడ్డ చనిపోలేదు, ఒళ్లు చల్లబడిందంతే, నిప్పు దగ్గర పెట్టి రుద్దితే మళ్లీ బతికింది. లేచి చూస్తే బిడ్డ లేదు. అగ్నిపర్వతం, పందెం, విద్యుత్తు అన్నీ అవసరమే, కాదనను. కానీ చచ్చిన శరీరం కదలడం ఆ ఇంట్లో ఉన్న మగవాళ్లకు చర్చనీయాంశం, ఆమెకు అది తీరని కోరిక. వాళ్లలో ఆ సంగతి మీద నవల రాసింది ఎవరో చూస్తే చాలు. ఊహలెక్కడివని అడిగితే రచయితలు చెప్పే జవాబును పూర్తిగా నమ్మకండి. పైకి చెప్పుకోదగినది చెబుతాం, మిగిలింది డైరీలో ఉంచుకుంటాం.

భయం కూడా పనికొస్తుంది. అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ ఒక నవల పని మీద పెరూ అడవులకు వెళ్లవలసి వచ్చింది. అక్కడ ఒక రకం ఈగ లార్వా మనిషి చర్మం కింద చేరి పెరుగుతుంది. దాన్ని తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు జలదరించేది. ఆ భయాన్ని వదిలించుకోవడానికే 'బ్లడ్‌చైల్డ్' రాసింది. పరాయి గ్రహంలో అక్కడి జీవుల గుడ్లను ఒక మగపిల్లాడు తన శరీరంలో మోయవలసి రావడం ఆ కథ. ఈగ భయంతో మొదలై, కడుపు మొయ్యడమంటే ఏమిటో మగవాళ్లకు తెలిసొచ్చే కథగా తేలింది.

కొన్ని ఊహలు మరీ చవగ్గా దొరుకుతాయి. దాచడం దేనికి? 1896లో కలకత్తాలో ఒక తలనూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. ఆ నూనె, పేరు కుంతలీన్, కథలో ఎక్కడో ఒకచోట రావాలి. బహుమతి వచ్చిన కథలో నగరం మీదికి వస్తున్న తుపాను ఒక సీసాడు తలనూనె సముద్రంలో పోయడంతో చల్లబడిపోతుంది. రాసినవారు జగదీశ్ చంద్ర బోస్, అప్పటికి విద్యుదయస్కాంత తరంగాల మీద ప్రయోగాలు చేస్తున్న ఆచార్యులవారే. నీటి మీద నూనె పోస్తే అలలు అణుగుతాయన్నది భౌతికశాస్త్రం. తలనూనె ప్రకటన అన్నది షరతు. రెండూ తగిలిన చోట కథ. 1941లో ఐజాక్ అసిమోవ్ సంపాదకుణ్ణి కలవడానికి న్యూయార్క్ సబ్‌వే రైల్లో పోతూ, చేతిలో కథ ఏదీ లేక, దగ్గరున్న పుస్తకం తెరిస్తే ఒక సిపాయి బొమ్మ కనబడింది. దాన్నుంచి సైన్యాలు, సామ్రాజ్యాలు, వాటి పతనం తోచి 'ఫౌండేషన్' కథలు పుట్టాయి. బొమ్మ చూసి ఎగిరిపడకండి. ఆయన అప్పటికే గిబ్బన్ రోమన్ చరిత్రను చదివి ఉన్నాడు. సిపాయి బొమ్మ కాకపోతే ఇంకేదో గుర్తు చేసేది.

ఇక తోచిన ఊహతో ఏం చేస్తామన్నది. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 1957 నాటి 'మాయాబజార్', పింగళి నాగేంద్రరావుగారి రచన. వ్యాసభారతంలో శశిరేఖా పరిణయమే లేదు, ఇక ప్రియదర్శిని ఎక్కడిది? మూత తీసి చూస్తే చూసేవాళ్లకు ప్రియమైనవాళ్లు కనిపించే పెట్టె అది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపించాడు. అక్కడితో ఆపి ఉంటే అది ముచ్చటైన బొమ్మ. కృష్ణుడు చూసినప్పుడు శకుని కనిపించాడే, అక్కడ అది ఊహాకథ అయింది. పెట్టె నియమం మారలేదు. ప్రియమైనవాడు అన్న మాటే ఎంత లోతో తెలిసింది. ఏది ప్రియమో దేవుడి లెక్క వేరు, రాబోయే యుద్ధం ఆ నవ్వు వెనక నిలబడి ఉంది. సత్యపీఠం కూడా అంతే. ఎక్కినవాడు నిజం కక్కేస్తాడన్న నియమాన్ని ముందే చూపించి, శకుని చేతే ఎక్కించారు. నియమం ఒక్కటి పెట్టుకోవడం, దాన్ని ఎవరి కోసమూ సడలించకపోవడం, దాని ముందుకు ఎవరు వస్తే ఎక్కువ కష్టపడతారో వాళ్లనే పంపడం. మన దగ్గర చాలా కథలు మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. పెట్టె కనిపెట్టామన్న సంతోషంలో శశిరేఖను దాటి పోము.

అరువు తెచ్చుకున్నా తప్పులేదు. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. కాలయంత్రం వెల్స్‌దే. దాన్ని కృష్ణదేవరాయల కొలువులో దింపడం మాత్రం మనది. ప్రతి తెలుగువాడూ మనసులో ఏదో ఒక క్షణం అక్కడికి వెళ్లొచ్చినవాడే, తెనాలి రామకృష్ణుణ్ణి పలకరించాలనుకున్నవాడే. అందుకే ఆ భాగం ఇప్పటికీ బతికి ఉంది. భవిష్యత్తులోకి వెళ్లిన భాగం నాకంతగా గుర్తుండదు. అక్కడ సెట్టింగులున్నాయి, మనం చిన్నప్పటి నుంచీ అడుగుతున్న ప్రశ్న లేదు.

మార్గరెట్ ఆట్‌వుడ్ 1984లో పశ్చిమ బెర్లిన్‌లో ఉంటూ 'హ్యాండ్‌మెయిడ్స్ టేల్' రాయడం మొదలుపెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకుంది. చరిత్రలో ఎక్కడో ఒకచోట మనుషులు నిజంగా చేయని పని ఏదీ నవలలో పెట్టకూడదు. అందుకోసం పత్రికల కత్తిరింపులు పోగేసింది. రుమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం గర్భస్రావాలను నిషేధించి పిల్లల్ని కనితీరాలని ఆడవాళ్లను ఒత్తిడి చేయడం అలాంటివాటిలో ఒకటి. ఈవిడ మా మాష్టారి దగ్గర చదువుకోలేదు గానీ, ఆయన ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకునే విద్యార్థిని.

మరి మన చుట్టూ కత్తిరించి దాచుకోదగినవి ఏమున్నాయి? హైదరాబాదులో వేలమంది పిల్లలు రాత్రంతా అమెరికా పగటిని బతుకుతారు, తెల్లారి ఇంటికొచ్చి కర్టెన్లు వేసుకుంటారు. ఒకే ఇంట్లో తల్లికి ఒక కాలం, కొడుక్కి ఒక కాలం. దీనికి కాలయంత్రం అక్కర్లేదు. అమెరికాలో ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం దాటకూడదన్న చట్టముంది. మనవాళ్ల వరస దశాబ్దాలు సాగుతోంది. తండ్రి వంతు వచ్చేలోపు బిడ్డకు 21 ఏళ్లు నిండితే, తండ్రి వెంట అందవలసిన కార్డు ఆ బిడ్డకు అందకుండా పోవచ్చు. మనిషి ఆయుష్షు కంటే పొడవైన వరసలో పుట్టి పెరిగినవాడు వంతును ఆస్తిలా వీలునామా రాస్తే? ఆ వంతు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కితే?

శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం గుడి ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం కృష్ణమ్మ కింద ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లు తీస్తే బయటపడుతుంది, జనం వెళ్లి పూజ చేసుకుంటారు, మళ్లీ మునుగుతుంది. ఆ జలాశయం కింద గుడి ఒక్కటే లేదు, ఊళ్లకు ఊళ్లున్నాయి. గుడితో పాటు ఏటా ఆ కొద్ది రోజులూ ఒక ఊరు కూడా, మనుషులతో సహా తేలుతుందనుకోండి. ఈ ఊహ దగ్గర నన్ను ఆపేసినవి దయ్యాలూ మాయలూ కావు, రెవెన్యూ రికార్డులు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డ వయసు ఎలా లెక్కపెడతారు? నష్టపరిహారం పుచ్చుకున్న పొలంలో పంట పండిస్తే అది ఎవరిది? పంచాయతీ ఎన్నిక ఆషాఢంలో వస్తే ఓటరు జాబితాలో వాళ్ల పేర్లు ఉంచుతారా, తీసేస్తారా? ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పగల తహసీల్దారు ఎవరైనా సభలో ఉంటే, టీ విరామంలో ఒకసారి కనిపించమని మనవి.